కాస్‌ప్లే సంచిలో జిగురు ఉన్నా కవచం ఊడిపోతోందన్న ప్రశ్నకు సమాధానం

కాస్‌ప్లే అంటే సినిమా, కామిక్స్ వంటి కథల్లోని పాత్రల వేషం వేసుకుని వేడుకలకు వెళ్లడం; ఇక్కడ సంచి అంటే వేషం చెడితే అక్కడికక్కడే సరిచేసుకోవడానికి వెంట తీసుకెళ్లే సామాను సంచి. సూపర్ గ్లూతో రెండుసార్లు అతికించినా మీ ఫోమ్ కవచం భుజపట్టీ మధ్యాహ్నానికే ఊడిపోవడానికి కారణం, బహుశా, ఆ జిగురు ఆరాక పెళుసుగా మారి, చేయి ఎత్తిన ప్రతిసారీ వంగే చోట పగిలిపోవడమే.

1. సంచి సర్దే ముందు చాలామంది వదిలేసే పని ఒకటుంది. విగ్గు, బూట్లతో సహా వేషం మొత్తాన్ని ఇంట్లో కనీసం రెండు గంటలు ధరించి, కూర్చుని, మెట్లెక్కి, చేతులెత్తి చూడాలి. ఎక్కడ కుట్టు సాగిందో, ఎక్కడ చర్మం ఒరుసుకుందో, ఏ పట్టీ జారిందో అప్పటికప్పుడే రాసుకుంటే ఆ చీటీయే మీ సంచి జాబితా అవుతుంది. ఇతరుల జాబితాను చూసి సర్దిన సంచి ఎంత బరువున్నా, మీ వేషానికి కావలసినదే అందులో ఉండకపోవచ్చు.

2. వంగే చోట్లకు పెద్ద పిన్నీసులు, వేషం రంగు దారం ముందే ఎక్కించిన సూది, గుడ్డ టేపు పెట్టుకోండి.

3. సూపర్ గ్లూను గట్టి భాగాలకే వాడండి. అది నూలు గుడ్డకు తగిలితే ఒక్కసారిగా వేడెక్కి చర్మాన్ని కాల్చగలదు కనుక, కవచాన్ని ఒంటి మీద ఉంచి అతికించవద్దు.

4. వంగే చోట్ల ఫోమ్‌ను అతికించడానికి, ఆరాక కూడా వంగే జిగురైన కాంటాక్ట్ సిమెంట్‌ను వాడండి. దాన్ని అతికించే రెండు ముక్కలకూ పూసి, తడి ఆరాకే నొక్కాలి. ఆ పని వేడుక ముందురోజే ముగించండి.

5. విగ్గు పిన్నులు, బొబ్బలకు ప్లాస్టర్లు, నీళ్లు, శిరస్త్రాణం ఉంటే స్ట్రా కూడా తీసుకోండి. చేతితొడుగులతోనే తెరవగలిగే సంచిని ఎంచుకోండి.