ఎర్త్‌సీ రెండో పుస్తకంలో గెడ్ కనబడటమే లేదు, సిరీస్ ఇక్కడ ఆపేయొచ్చా?

ఆపకండి, దయచేసి. ఉర్సులా కె. లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ ఫాంటసీ నవలల్లో మొదటిదాన్ని ఏకబిగిన చదివేశానని, రెండోది చాలా దూరం వచ్చినా కథానాయకుడు గెడ్ జాడే లేదని రాశారు. మిగతావి చదవాలా, ఏ వరుసలో చదవాలి, పన్నెండేళ్ళ తమ్ముడికి ఇవ్వొచ్చా అని కూడా అడిగారు. నేను ఈ సిరీస్ కాలేజీ రోజుల్లో మొదలుపెట్టాను, ఆ తర్వాత స్నేహితులతో కూడా చదివించాను, వాళ్ళలో చాలామంది సరిగ్గా మీరున్న చోటే ఆగిపోయి నాకు ఫోన్ చేశారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీరు ఇంకా చదవని భాగాల కథ కొంత బయటపడుతుంది, అది ఇష్టం లేకపోతే వరుస గురించి రాసిన పేరా ఒక్కటి చూసుకోండి.

1968లో వచ్చిన మొదటి పుస్తకంలో మనం గెడ్ పక్కనే నడుస్తాం. గాంట్ దీవిలో మేకలు కాసిన పిల్లాడు రోక్ దీవిలోని మంత్రగాళ్ళ బడికి వెళ్ళడం, పొగరుతో చేయకూడని మంత్రం చేయడం, తను వదిలిన నీడే తనని తరమడం, అంతా అతని మనసులోంచే తెలుస్తుంది. ఆ తర్వాత లె గ్విన్ అతని మనసు తలుపు దాదాపుగా మూసేస్తుంది. అతను ఎంత పెద్దవాడైతే అంత బయటినుంచి, పక్కవాళ్ళ కళ్ళతో చూపిస్తుంది. నాకు ఈ సిరీస్ మీద ఇంత ప్రేమ ఉండటానికి అసలు కారణం ఇదే. శక్తిమంతుడి గొప్ప అతని నోటితో వింటే ఏముంది, అతని వల్ల ఎవరి బతుకు ఎలా మారిందో చూడాలి.

అందుకే రెండోదాంట్లో మీకు ముందు టెనార్ అనే పిల్ల తెలియాలి. పసితనంలోనే తల్లిదండ్రుల దగ్గర్నుంచి తెచ్చేసి, పేరు కూడా తీసేసి, చీకటి శక్తులకి పూజారిణిని చేశారు ఆ పిల్లని. ఆ శక్తులుండే సమాధుల కింద వెలుగు అన్నది నిషిద్ధం, ఆమెకి అక్కడి దారులన్నీ చేత్తో తడిమి తెలుసు. అలాంటి చోట ఒకరోజు కర్ర చివర వెలుగుతో నిలబడ్డ ఒక మనిషి కనబడతాడు. మనకి అతను హీరో, ఆమెకి మాత్రం దొంగ. లోపల పెట్టి తలుపు మూసేస్తుంది, నీళ్ళు ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఆమె చేతిలోనే ఉంటుంది. ముందున్న అధ్యాయాలన్నీ చదివి వస్తేనే ఆ వెలుగు చూసినప్పుడు గుండె ఝల్లుమంటుంది. మీరు బహుశా దానికి పది పదిహేను పేజీల దూరంలోనే ఉండి ఉంటారు.

మూడోది 1972లో వచ్చింది. గెడ్ ఇప్పుడు ప్రధాన మాంత్రికుడు, కథ మాత్రం ఆరెన్ అనే యువరాజు వైపునుంచి నడుస్తుంది. దీవుల్లో మంత్రాలు పనిచేయడం మానేస్తున్నాయి, మంత్రగాళ్ళు మాటలు మర్చిపోతున్నారు, ఎందుకో కనుక్కోవడానికి ఇద్దరూ పడవెక్కుతారు. మధ్యలో సముద్ర ప్రయాణం నెమ్మదిగానే సాగుతుంది, కొంచెం ఓపిక పట్టండి. చివర్లో చావుకీ బతుకుకీ మధ్య తెరుచుకున్న తలుపుని మూయడానికి గెడ్ తన శక్తంతా ధారపోస్తాడు.

చాలామంది ఈ మూడింటితో కథ అయిపోయిందనుకుంటారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1990లో, 'టెహానూ' వచ్చింది, నా లెక్కలో మొత్తం సిరీస్‌కి గుండెకాయ అదే. శక్తంతా పోయిన గెడ్‌ని డ్రాగన్ తెచ్చి గాంట్‌లో దింపుతుంది. టెనార్ ఇప్పుడు భర్త పోయిన రైతు ఇల్లాలు, ఒళ్ళు కాలిపోయిన ఒక చిన్నపిల్లని పెంచుకుంటూ ఉంటుంది. రాజుగారి మనుషులు గౌరవంగా పిలుచుకెళ్ళడానికి వస్తే గెడ్ సిగ్గుతో దాక్కుంటాడు, వాళ్ళకి కనబడకుండా కొండ మీదికి మేకలు కాయడానికి పోతాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఇరవై కొన్నేళ్ళు, అతని శక్తి ఎప్పుడు తిరిగొస్తుందా అని పేజీలు తిప్పుతూనే ఉన్నాను. మళ్ళీ చదివింది మా నాన్నగారు రిటైరైన కొత్తలో. ముప్ఫై ఏళ్ళు పదిమందికి పని చెప్పిన మనిషి, పొద్దున్నే తయారై కూర్చుని ఎక్కడికి వెళ్ళాలో తెలియక పేపర్ మడతపెట్టడం నేను రోజూ చూస్తున్నాను అప్పుడు. గెడ్ ఎందుకు దాక్కున్నాడో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. టెనార్ అతన్ని ఓదార్చదు, తొందరపెట్టదు, పని ఉంటే పని చెబుతుంది. నాన్నగారి దగ్గర నేను కూడా అలాగే ఉండటానికి ప్రయత్నించాను.

ఇంకొకటి, మొదటి పుస్తకంలో ఆడవాళ్ళ మంత్రాన్ని తక్కువ చేసే సామెతలు మీరు గమనించే ఉంటారు, రోక్ బడిలో ఆడపిల్లలకి చోటు లేదు కూడా. ఆ ప్రశ్నని లె గ్విన్ వదిలేయలేదు, తను కట్టిన లోకాన్ని తనే 'టెహానూ'లో మళ్ళీ నిలదీసింది. ఇది కొందరికి నచ్చదు, నాకైతే ఒక రచయిత్రిలో ఇంతకంటే గౌరవించదగ్గ గుణం కనబడదు.

వరుస విషయానికొస్తే, అచ్చయిన వరుసలోనే చదవండి. 'టెహానూ' తర్వాత 'టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ' కథల సంపుటి, ఆ తర్వాత 'ది అదర్ విండ్', రెండూ 2001లో వచ్చాయి. కథల సంపుటిని దాటేయకండి, అందులో చివరి కథ నేరుగా ఆఖరి నవలలోకి దారితీస్తుంది. 2006లో వచ్చిన జపాన్ యానిమేషన్ సినిమా ముందు చూడొద్దు, అది కొన్ని పుస్తకాల ముక్కలు కలిపి అల్లిన వేరే కథ.

మీ తమ్ముడికి మొదటి మూడూ నిశ్చింతగా ఇవ్వండి, మూడోదాంట్లో చావు గురించి చాలా ఉంటుంది కాబట్టి మధ్యమధ్యలో మాట్లాడుతూ ఉండండి. 'టెహానూ' మాత్రం ఇప్పుడే వద్దు. చిన్నపిల్ల మీద జరిగిన హింస అందులో కథకే మూలం, పదహారు పదిహేడు వచ్చాక ఇవ్వండి, అదీ మీరు చదివాకే.