మస్కట్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు ఉత్తరాలకు ఏ చిరునామా ఇవ్వాలి?

కావలి నుంచి ఉద్యోగం మీద మస్కట్ వెళ్తున్నానని, బ్యాంకుకూ ఎల్‌ఐసీకీ ఏ చిరునామా ఇవ్వాలో, అక్కడ ఉండే గదికి టపా వస్తుందో రాదో చెప్పమని అడిగారు. మాది కందుకూరు దగ్గర పల్లె. నేను మస్కట్‌లోని రువిలో కొన్నేళ్లు పనిచేశాను. ఒమన్‌కు రావలసిన ఉత్తరాలతో నాకు కలిగిన ఇబ్బంది తక్కువే. మనం ఊళ్లో లేకపోయినా మన పేరు మీద ఇంటికి వస్తూనే ఉండే కాగితాలతోనే అసలు చిక్కంతా వచ్చింది. అందుకని ముందు ఆ ఏర్పాటు చేసుకుని తర్వాత విమానం ఎక్కండి.

ఒకసారి మా నాన్నగారు కంటి ఆపరేషన్ కోసం నెల్లూరులో ఉండగా, నాకు ఒక బ్యాంకు పంపిన డెబిట్ కార్డు తాళం వేసిన ఇంటికి వచ్చి, పోస్టాఫీసులో ఏడు రోజులు ఉండి, ఆ తర్వాత పంపినవారికే తిరిగి వెళ్లిపోయింది. కొత్త కార్డు కావాలంటే స్వయంగా బ్రాంచికి రావాలని ఆ బ్యాంకువారు మస్కట్‌లో ఉన్న నాకు చెప్పారు! అప్పటినుంచి ఎప్పుడూ మనిషి ఉండే మా బాబాయి దుకాణాన్నే కేరాఫ్ చిరునామాగా ఇచ్చి, నా పేరున వచ్చే స్పీడ్ పోస్టును ఆయన సంతకం చేసి తీసుకోవచ్చని పోస్టుమాస్టరుకు రాతపూర్వకంగా అధికారపత్రం ఇచ్చాను. పల్లెలో అయితే బీపీఎంకు, అంటే ఊరి బ్రాంచి పోస్టుమాస్టరుకు, నోటిమాటగా కూడా చెప్పి ఉంచడం మంచిది, ఎందుకంటే ఎవరు ఏ దేశంలో ఉన్నారో ఊరందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది. పొలం ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో హద్దుల దగ్గరకు రమ్మని ఇచ్చిన నోటీసులు సమయానికి అందుకునేవారు లేక, ఇబ్బంది పడ్డ గల్ఫ్ కుటుంబాలు మా చుట్టుపక్కలే ఉన్నాయి.

చిరునామాలో జిల్లా పేరు కంటే పిన్ కోడ్ సరిగా ఉండడం ముఖ్యం. 2022 ఏప్రిల్‌లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపినా, అక్కడి పిన్ ప్రకాశం వైపు వాడే 523తోనే కొనసాగింది. మీ కావలిది 524తో మొదలవుతుంది.

ఇక మస్కట్ సంగతి. అక్కడ మన పోస్టుమ్యాన్ వచ్చినట్టు ఎవరూ గది తలుపు దగ్గరకు ఉత్తరం తెచ్చివ్వరు. టపా పోస్టు బాక్సుకే చేరుతుంది, చాలామంది ఉద్యోగులకు అది కంపెనీ బాక్సే. మీ పేరు కింద కంపెనీ పేరు, ఆ కింద బాక్సు నంబరు, పోస్టల్ కోడ్ (రువికి 112), చివర ఒమన్ అని రాయించండి. కంపెనీ పేరు లేని కవరు ఎవరి బల్ల మీదకు చేరుతుందో చెప్పలేం. బాక్సు తెరిచి టపా తెచ్చేది సాధారణంగా మందూబ్, అంటే కంపెనీ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగి పనులు చూసే ఉద్యోగి. ఆయన పోస్టాఫీసుకు ఎప్పుడు వెళ్తే ఉత్తరం అప్పుడే వస్తుంది కాబట్టి, గడువు ఉన్న కాగితమైతే అంతర్జాతీయ స్పీడ్ పోస్టులో పంపించుకుని, 968తో మొదలయ్యే మీ ఫోన్ నంబరు కవరు మీద తప్పక రాయించండి. రసీదు మీద రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్ అని ఉండే నంబరుతో అది ఎక్కడుందో చూసుకోవచ్చు.

డిగ్రీ సర్టిఫికెట్ల వంటి ఒరిజినల్స్‌ను నేను ఎన్నడూ టపాలో తెప్పించుకోలేదు, చెన్నై మీదుగా వచ్చే తెలిసినవారి చేతికే ఇప్పించేవాణ్ని. ఇంటినుంచి వంట సరుకులు పంపిస్తామంటే మాత్రం గసగసాలు వద్దని గట్టిగా చెప్పండి. సౌదీ, యూఏఈ వంటి చోట్ల అవి నిషిద్ధం, మసాలాలో కలిపినా వదలరు.

ఉద్యోగం మారినప్పుడు పాత కంపెనీ బాక్సు మీది కాదు. వీసా రద్దుకు కాగితాలు ఇవ్వకముందే బ్యాంకులో విదేశీ చిరునామా మార్పించి, మీ పేరున ఏదైనా వస్తే ఫోన్ చేయమని మందూబ్‌కు చెప్పి రండి.