మీ ప్రశ్న – మా జవాబు: సైన్యాన్ని యుద్ధానికి ఎప్పుడు పంపాలి?

ప్రశ్న: వైజాగ్ బీచ్ రోడ్డులో 1971 యుద్ధ స్మారకం దగ్గర కూర్చుంటే చాలు, మా ఫ్రెండ్స్ మధ్య ఒకటే గొడవ. సరిహద్దులో ఏం జరిగినా వెంటనే సైన్యాన్ని దించేయాలని ఒకడు, యుద్ధం అన్న మాటే ఎత్తొద్దని ఇంకొకడు. అసలు ఎప్పుడు పంపాలి?
– డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీరు కూర్చునే చోటు నుంచే మొదలుపెడదాం. ఆ యుద్ధం 13 రోజుల్లో అయిపోయిందని అందరూ చెబుతారు, దానికి ముందు మనం ఎనిమిది నెలలు ఆగామని మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో (అప్పట్లో తూర్పు పాకిస్తాన్, ఇప్పటి బంగ్లాదేశ్) పాకిస్తాన్ సైన్యం ఊచకోత మొదలుపెట్టింది, అక్కణ్ణుంచి దాదాపు కోటి మంది మన దేశానికి వచ్చిపడ్డారు. ఏప్రిల్‌లోనే కదలమని ఇందిరాగాంధీ అడిగితే సైన్యాధిపతి మానెక్‌షా ఇప్పుడు కుదరదన్నారు. (ఇది ఆయన తర్వాత చెప్పుకున్న కథ, కాస్త మసాలా ఉంటే ఉండొచ్చు.) వానాకాలంలో తూర్పు బెంగాల్ అంతా నీళ్లే, పైగా హిమాలయాల్లో మంచు కరిగి కనుమలు తెరుచుకుంటే చైనాతో టెన్షన్. ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాం. డిసెంబర్ 3న పాకిస్తానే మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేసింది, 16న ఢాకాలో వాళ్ల తూర్పు సైన్యం లొంగిపోయింది. నాకు మరీ నచ్చేది ఆ తర్వాతి సంగతి: 1972 మార్చిలో మన దళాలు ఢాకాలో వీడ్కోలు కవాతు చేసి వచ్చేశాయి.

శ్రీలంకలో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు, వేరే తమిళ దేశం కోసం పోరాడుతున్న తమిళ టైగర్లు (ఎల్టీటీఈ) ఆయుధాలు అప్పగిస్తారు, మనవాళ్లు శాంతి కాపాడతారు అని లెక్క. మర్నాడే గౌరవవందనంలో నిలబడ్డ ఒక శ్రీలంక నావికుడు రాజీవ్‌ను తుపాకీ తిరగేసి కొట్టాడు, మనం అక్కడ ఎవరికి చుట్టాలమో అప్పుడైనా ఆలోచించాల్సింది! అక్టోబర్‌కల్లా ఆ టైగర్లతోనే యుద్ధం. జాఫ్నా యూనివర్సిటీ దగ్గర హెలికాప్టర్లలో దిగిన ఒక సిక్కు ప్లటూన్‌లో 30 మందికి ఒక్కడే బతికాడు. తర్వాత వచ్చిన అధ్యక్షుడు ప్రేమదాస మనల్ని వెళ్లిపొమ్మనడమే కాదు, టైగర్లకే ఆయుధాలిచ్చాడు. 1990 మార్చిలో ఆఖరి బృందం ఓడెక్కేనాటికి దాదాపు 1,200 మంది సైనికులు పోయారు. తప్పు జవాన్లది కాదు, ఏం జరిగితే పని పూర్తయినట్టో వాళ్లకు చెప్పి పంపినవాళ్లే లేరు.

మన మీద దాడి జరిగితే ఎదుర్కోవాలి, అందులో వాదనేం లేదు. మిగతా సందర్భాల్లో నేను చూసేవి ఈ రెండు సంగతులే: పని ఎక్కడ ముగుస్తుందో ప్రభుత్వం ముందే చెప్పగలదా, సైన్యాధిపతి ‘ఇప్పుడు కాదు’ అంటే వినే ఓపిక ఉందా. పార్లమెంటు ఓటు వేస్తే సరిపోతుందా అంటారేమో, మన రాజ్యాంగంలో అలాంటి షరతే లేదు. అమెరికాలో ఉంది, అయినా 1942 తర్వాత వాళ్ల కాంగ్రెస్ ఏ దేశం మీదా అధికారికంగా యుద్ధం ప్రకటించలేదు, వియత్నాం, ఇరాక్ యుద్ధాలు మాత్రం జరిగిపోయాయి.

ఆ ఇరాక్‌కే 2003లో మన సైన్యాన్ని పంపమని అమెరికా అడిగింది. ఢిల్లీలో చాలామంది సరేనన్నారు కూడా. చివరికి జులైలో వాజ్‌పేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన అనుమతి లేకుండా పంపలేమని చెప్పేసింది. మీ గొడవలోకి ఈసారి దీన్ని కూడా లాగండి.