ఎస్సై కాబోతున్న లావణ్యకు

చిరంజీవి లావణ్యకు పెదనాన్న దీవెనలు.

నువ్వు తమిళనాడు పోలీసులో ఎస్సై పరీక్షకు అప్లై చేశావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఖాకీ నాతోనే ఆగిపోతుందనుకున్నాను. ఎంత సంతోషమో అంత టెన్షన్ కూడా పట్టుకుంది.

డిగ్రీ ఉంది, వయసుంది, ఎత్తు 159 సెంటీమీటర్లు దాటావు. 400 మీటర్ల పరుగు రెండున్నర నిమిషాల్లో అవ్వాలి, పొద్దున్నే లేచి సాధన చేస్తే వస్తుంది. నా భయమంతా తమిళం గురించే. గడగడా మాట్లాడతావు గానీ నాలుగు లైన్లు రాయమంటే దిక్కులు చూస్తావు. తమిళ అర్హత పరీక్ష పాస్ కాకపోతే మెయిన్ పేపరు దిద్దనే దిద్దరు. రోజూ తమిళ పేపరు చదివి ఒక పేజీ చేత్తో రాయి. బద్ధకిస్తే ఊరుకోను. రేపు చెన్నైలో జనం వచ్చి గోడు చెప్పుకునేది ఆ భాషలోనే.

వండలూరు దగ్గర ఊనమాంజేరి అకాడమీలో పరేడ్, ఫైరింగ్, చట్టాలు అన్నీ నేర్పిస్తారు. ఒళ్లు హూనమవుతుంది, తట్టుకుంటావు. స్టేషన్‌కి వెళ్లాక ఎవరూ నేర్పకుండానే అలవాటయ్యే మాట ఒకటుంది: "ఇది మా లిమిట్స్ కాదు." ఆ మాటకే నేను భయపడతాను.

నేను కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు గూడూరు నుంచి భార్యాభర్తలు ఆమె ఆపరేషన్ కోసం మద్రాసు వచ్చారు. ఆటో దిగుతుంటే డబ్బుల సంచి లాక్కుపోయారు. ఒక స్టేషన్‌కి వెళ్తే రోడ్డుకి అవతలి వైపు జరిగింది, అక్కడికెళ్లమన్నారు. అక్కడికెళ్తే ఇవతలి వైపు అన్నారు. భాష రాదు, పైగా ఆమెకి నొప్పి. తిప్పి పంపిన ఎస్సై చెడ్డవాడు కాదమ్మా, లంచం ముట్టని మనిషి. లెక్కలో కేసు పెరిగితే పైనుంచి మాట పడాల్సొస్తుందని అతని భయం. ఆ రాత్రి సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో నేను బందోబస్తులో ఉంటే, తెలుగు వినపడి ఆ భర్త నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మా ఇన్‌స్పెక్టర్‌తో చెప్పించి కేసు రాయించేసరికి తెల్లారింది. డబ్బు దొరకలేదు. ఆపరేషన్ లేకుండానే రైలెక్కారు. ఆమె ఏమైందో నాకు తెలియలేదు.

ఇప్పుడు నీ చేతిలో చట్టం ఉంది. కాగ్నిజబుల్ నేరమని, అంటే వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగే నేరమని, ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్, అదే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం, 173వ సెక్షన్ ప్రకారం అలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అవతలి స్టేషన్‌కి పంపే పని నీది, ఏడుస్తూ వచ్చినవాళ్లది కాదు. కాపీ ఉచితంగా వాళ్ల చేతికివ్వు.

ఎంత కోపమొచ్చినా ఎవరి మీదా చెయ్యి చేసుకోకు. పోలీసు ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి.

1973 దాకా తమిళనాడు పోలీసులో ఆడపిల్లలే లేరు. ఇప్పుడు మన పిల్ల స్టేషన్‌లో కుర్చీ వేసుకుని కూర్చుంటుందంటే నా ఛాతీ ఉప్పొంగుతోంది తల్లీ.

నైట్ డ్యూటీ పడితే వేళకి ఏదో ఒకటి తిను. మనసు బాగోకపోతే ఎంత రాత్రయినా ముందు నాకు ఫోన్ చెయ్యి, మీ అమ్మకి నేను నచ్చజెప్తాను.

మీ పెదనాన్న
కొరుక్కుపేట, చెన్నై