గేదె కాలు పట్టేస్తే వాతలు పెట్టించకండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా దుగ్గిరాల మండలంలో ఒక పల్లె. మా ముర్రా గేదె ఒక ఈత ఈనింది, ఇప్పుడు ఐదో నెల చూడి. నెల రోజులుగా పొద్దున్నే లేవగానే దాని ఎడమ వెనక కాలు వెనక్కి చాచుకుని కర్రలా బిగుసుకుపోతోంది. గిట్ట ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేశాక ఒక్క కుదుపుతో కాలు విడిపడి మామూలుగా నడుస్తుంది. ఈ వారం నుంచి మధ్యాహ్నం పూట కూడా అలాగే అవుతోంది. మేత బాగానే మేస్తోంది. ఊళ్లో పెద్దవాళ్లు వాతం కమ్మిందని, తుంటి మీద వాతలు పెట్టించమని అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాడి రైతు

జవాబు: దయచేసి వాతలు పెట్టించకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది వాతం కాదు, నరాల జబ్బూ కాదు. మోకాటి చిప్ప పైకి జరిగి తొడ ఎముక మీద ఇరుక్కుపోవడం. గేదెల్లో, ఆవుల్లో, అరక దున్నే ఎడ్లలో మేం తరచుగా చూసే సమస్యే. చిన్న ఆపరేషన్‌తో పోతుంది.

గేదె మోకాలు ఎక్కడుంటుందో చాలామంది పొరబడతారు. వెనక కాలు మధ్యలో వెనక్కి వంగి కనిపించే కీలు మోకాలు కాదు, అది మనకు చీలమండ లాంటిది. ముందు కాలికి మనం మోకాలు అనుకునేది నిజానికి మణికట్టు. అసలు మోకాలు వెనక కాలికి బాగా పైన, డొక్క కిందుగా, పొట్టకు ఆనుకుని ఉంటుంది. మీ గేదె బాధ అక్కడుంది. వాతలు పెట్టేవాళ్లు తుంటి మీద కాలుస్తారు. జబ్బు ఒకచోట, కాల్చేది మరోచోట.

మనిషి మోకాటి చిప్పను కింది ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్ ఒక్కటే. గేదెకు, ఆవుకు, గుర్రానికి మూడుంటాయి: లోపలిది, నడిమిది, బయటిది. తొడ ఎముక చివర లోపలి వైపు ఒక గట్టు లాంటి ఎత్తు ఉంటుంది. చిప్ప పైకి జరిగినప్పుడు లోపలి లిగమెంట్ ఆ గట్టుకు కొక్కెంలా తగులుకుంటుంది. ఇక మోకాలు మడవడం కుదరదు, కాలు వెనక్కి చాచినట్టే ఉండిపోతుంది. గుర్రం ఈ ఏర్పాటును కావాలనే వాడుకుంటుంది. నిలబడి కునుకు తీసేటప్పుడు చిప్పను అలా తగిలించి, లేచాక విడిపించుకుంటుంది. గేదెకు తగులుకోవడం ఉంది కానీ తేలిగ్గా విడిపించుకోవడం లేదు. మీరు చూస్తున్న కుదుపు, ఆ కొక్కెం ఊడిన క్షణమే.

వెనక కాళ్లు మరీ నిటారుగా ఉన్న పశువుల్లో, తొడ కండ బక్కచిక్కిన వాటిలో, నున్నటి సిమెంటు గచ్చు మీద జారినప్పుడు ఇది మొదలవుతుంది. రోజంతా కట్టుగొయ్య దగ్గరే ఉండి నడకే లేని గేదెలకూ వస్తుంది. మొదట్లో పొద్దున లేవగానే, చలికి ఎక్కువగా కనిపిస్తుంది. పోనుపోను తరచవుతుంది. మీ గేదె ఆ దారిలోనే ఉంది కాబట్టి ఆలస్యం చేయవద్దు. ఏళ్ల తరబడి వదిలేస్తే గిట్ట ముందు భాగం అరిగి రక్తం కారుతుంది, కీలు కూడా పాడవుతుంది.

చూడకుండా ఖరారుగా చెప్పడం వైద్యం కాదు. అందుకని ఒక పని చేయండి. కాలు పట్టేసినప్పుడు పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి గేదె చక్కగా నడుస్తూ ఉండొచ్చు, అప్పుడు ఆ వీడియోయే సాక్ష్యం. పట్టేసిన సమయంలో గేదెను మెల్లగా రెండడుగులు వెనక్కి నడిపిస్తే కాలు విడిపోవచ్చు. కర్రతో కొట్టి ముందుకు తోలకండి. కాలు లాగి సరిచేయాలని చూడకండి.

కుంటే ప్రతి పశువుకూ ఇదే జబ్బు అనుకోవద్దు. కాలు నేలకు ఆనించకుండా వేలాడేస్తే ఎముక విరిగిందేమో, తుంటి తప్పిందేమో చూడాలి. వయసులో ఉన్న పశువుకు జ్వరంతో పాటు తొడ వాచి, నొక్కితే కరకరమంటే అది జబ్బవాపు, గంటల్లో ప్రాణం తీస్తుంది. నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు ఉంటే గాలికుంటు. చలికాలంలో బూజు పట్టిన వరిగడ్డి మేసిన గేదెలకు కాళ్లు వాచి, తోక చివర, చెవి కొనలు ఎండి నల్లబడే జబ్బొకటి ఉంది. మన డెల్టాలో వాములు తడిసిన ఏడాది దాన్ని మరిచిపోకూడదు.

ఇక ఆపరేషన్. మత్తు ఆ ఒక్క చోటికే ఇస్తారు. మోకాలి కింద చిన్న గాటు పెట్టి ఆ లోపలి లిగమెంట్‌ను తెంచుతారు. మిగిలిన రెండూ చిప్పను పట్టి ఉంచుతాయి కాబట్టి నడకకు లోటు రాదు. అనుభవం ఉన్న డాక్టరుకు కొద్ది నిమిషాల పని. చాలా గేదెలు లేచిన వెంటనే మామూలుగా అడుగేస్తాయి. ఆ మొదటి అడుగు చూసినప్పుడు రైతు ముఖం ఎలా వెలుగుతుందో నేను ఎన్నోసార్లు చూశాను. తాళ్లతో పడదోసి చేసే పద్ధతి ఉంది, నిలబెట్టి చేసే పద్ధతీ ఉంది. మీది చూడి గేదె కాబట్టి ఆ మాట ముందే చెప్పి, నిలబెట్టి చేయడం వీలవుతుందేమో అడగండి. గేదె పది నెలలు మోస్తుంది, నెలలు నిండాక పడదోయడం ప్రమాదం. ఇప్పుడైతే సమయం ఉంది.

గాయం మానేదాకా కాలవలో దించకండి. ఇది మీకు కష్టమే, గేదెకు ఇంకా కష్టం, కానీ బురద నీళ్లు తగిలితే చీము పడుతుంది. ఈగలు వాలకుండా మందు రాయండి, పొడి నేల మీద కట్టండి, రోజూ కాసేపు నడిపించండి. నొప్పికి మెలాక్సికామ్ వాడతారు. మందుల షాపులో మనుషుల డైక్లోఫెనాక్ కొనుక్కొచ్చి పొడవకండి. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోయాయి, అందుకే పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. మందు వాడిన రోజుల పాలు ఎన్నాళ్లు పారబోయాలో డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా దగ్గరికి ఒక గేదెను తోలుకొచ్చారు. తుంటి మీద అడ్డంగా, నిలువుగా వాతలు, వాటిలో పురుగులు. కాలు మాత్రం బిగుసుకునే ఉంది. ఆపరేషన్ అయ్యాక కాలు ఆ పూటే సరైంది. వాతల పుండ్లు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు దాని పాలు సగానికి పడిపోయాయి. ఆ రైతు తప్పేం లేదు, ఆయనకు ఎవరూ ముందు చెప్పలేదు.

ఖనిజ మిశ్రమం రోజుకు 50 గ్రాములు దాణాలో కలపండి. వరిగడ్డిలో భాస్వరం తక్కువ, పైగా అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. చూడి గేదెకు ఇది ఎలాగూ అవసరమే. అయితే దీనితో తగులుకున్న చిప్ప విడిపోతుందని ఆశ పెట్టుకోవద్దు.

మొదట మీ మండల పశువైద్యశాలలో చూపించండి, లేదా 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. అక్కడ కుదరకపోతే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. వ్యాన్‌లో ఎక్కించేటప్పుడు కింద ఇసుక గానీ గడ్డి గానీ దట్టంగా పరవండి, ఆ కాలు జారితే మరింత దెబ్బ.

ఒక కాలికి వచ్చిన గేదెల్లో కొన్నాళ్లకు రెండో కాలికీ రావడం ఉంది. ఎడమది బాగయ్యాక కుడి కాలు కూడా అలాగే బిగుసుకుంటే భయపడకండి. చేసిన ఆపరేషన్ పాడైందనీ అనుకోకండి. దానికీ ఇదే వైద్యం.