తావోయిజంలో జ్ఞానం మీద ఆశ కూడా అత్యాశేనా?

"తావోయిజం చదువునే తప్పు పడుతుందా? జ్ఞానం కోసం తపించడం కూడా అత్యాశ కిందికే వస్తుందా?" అని అడిగారు. చైనాలో పుట్టిన ఈ ప్రాచీన తాత్విక మార్గం, నాకు అర్థమైనంతలో, చదువుని తప్పు పట్టదు. ఎంత తెలిసినా "ఇంకా, ఇంకా" అనే యావ ఉంటుంది చూడండి, దాన్ని మాత్రం డబ్బు యావ పక్కనే కూర్చోబెడుతుంది.

నాకు ఆ యావ బాగా ఉండేది. పీడీఎఫ్ కనబడితే దించేయడం, ఆఫర్ ఉందంటే కోర్సు కొనేయడం. హార్డ్ డిస్క్‌లో ఆరు వందల పైచిలుకు పుస్తకాలు చేరాయి. కొన్న పదకొండు కోర్సుల్లో ఒక్కటీ మూడో పాఠం దాటలేదు. డౌన్‌లోడ్ అయిపోతే చాలు, చదివేసినంత తృప్తి. ప్రాచీన చైనా తత్వవేత్త లావోజి పేరు మీద ఉన్న తావోయిజం మూల గ్రంథం 'తావో తే చింగ్' గురించి వింటే దానికీ అదే మర్యాద చేశాను. ఏడు అనువాదాలు దించాను. మూలమేమో మొత్తం 81 అధ్యాయాలు కలిపినా సుమారు 5,000 చైనా అక్షరాలే!

అందులో 46వ అధ్యాయం, 'చాలు' అనడం తెలియకపోవడాన్ని మించిన ఆపద లేదంటుంది. 48వది, చదువు వెంట పోయేవాడికి రోజూ కొంత చేరుతుంది, తావో (అంటే 'దారి', ప్రకృతి నడిచే తీరు) వెంట పోయేవాడికి రోజూ కొంత తగ్గుతుంది అంటుంది. ఈ రెండూ నాకు సూటిగా తగిలాయి.

మూడో అధ్యాయం మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. జనం కడుపు నింపు, మనసు ఖాళీ చెయ్యి, వాళ్లకి జ్ఞానమూ కోరికా లేకుండా చూడు అని పాలకుడికి చెబుతుంది. అక్కడ జ్ఞానమంటే జిత్తులమారితనమే అని కొందరు సర్దిచెబుతారు. కావచ్చు, కానీ దొరల చేతికి ఇవ్వాల్సిన మాట కాదది.

మీ ప్రశ్నకు అసలు జవాబు తావోయిజంలోనే మరో ముఖ్య గ్రంథమైన 'జువాంగ్‌జి' మూడో అధ్యాయంలో ఉందని నా అభిప్రాయం. బతుకుకి హద్దుంది, జ్ఞానానికి లేదు, హద్దున్నదానితో హద్దులేనిదాన్ని తరమడం ప్రమాదం అని మొదలవుతుంది. ఆ వెంటనే వచ్చే కథ, ఎద్దును కోసే ఓ వంటవాడిది. మామూలు వంటవాళ్లు నెలకో కత్తి మారుస్తారు, మంచివాళ్లు ఏడాదికొకటి. ఇతని కత్తికి 19 ఏళ్లు, పదును అలాగే ఉంది. కీళ్ల మధ్య ఖాళీల్లోంచే కత్తి పోనిస్తాడు మరి. మూడేళ్లు కోశాకే తనకి ఎద్దు ఎద్దుగా కనబడడం మానేసిందట. ఇప్పటికీ చిక్కు ముడి ఎదురైతే చెయ్యి నెమ్మదిస్తుందట. ఇది చదువు కాదని ఎలా అంటాం?

మా వీధి చివర మటన్ కొట్లో ఈ కథ దాదాపు కళ్లారా చూశాను. కొత్తగా చేరిన కుర్రాడు మొద్దు మీద టపాటపా బాదుతున్నాడు, ఎముక ముక్కలు ఎగిరి నా చొక్కా మీద పడుతున్నాయి. పెద్దాయన "కొట్టకురా, కీలు చూసుకో" అని బొటనవేలితో తడిమి, అక్కడ కత్తి ఆనించి చిన్నగా నొక్కాడు. తొడ రెండుగా విడిపోయింది. చప్పుడే లేదు.

ఆ వారమే కోర్సుల్లో పది తీసేసి, మిగిలిన ఒక్కటీ ఐదు నెలల్లో పూర్తి చేశాను. అనువాదాల్లోనూ ఒక్కటే ఉంచుకున్నాను. ఆరు వందల పీడీఎఫ్‌లంటారా? చెరపడానికి ఇంకా మనసు రావట్లేదు.