108 డాలర్ల పన్ను కడుతున్న అడవిలో వేటగాళ్లను ఆపొచ్చా?

ప్రశ్న: మాది డెట్రాయిట్ శివారు. ఐదున్నరేళ్ల కిందట మిషిగన్ అప్పర్ పెనిన్సులాలో 80 ఎకరాల అడవి కొన్నాను. రిటైరయ్యాక క్యాబిన్ కట్టుకుందామని ఆశ. మొన్న నవంబర్‌లో పిల్లలతో వెళ్తే ముగ్గురు తుపాకులతో మా చెట్ల మధ్య తిరుగుతున్నారు. అడిగితే ‘ఇది సీఎఫ్ ల్యాండ్, మాకు హక్కుంది’ అన్నారు. మా ఆవిడ ఆ రాత్రంతా నిద్రపోలేదు. అమ్మినవాడు గానీ, రియల్టర్ గానీ ఒక్క ముక్క చెప్పలేదు. విస్కాన్సిన్‌లో మా స్నేహితుడు తన అడవిలోకి ఎవరినీ రానివ్వడు. నేనూ బోర్డులు పెట్టి, తెలిసిన వేట క్లబ్బుకు లీజుకిద్దామనుకుంటున్నాను. ట్రెస్‌పాస్ కేసు వేయవచ్చా? పన్ను మాత్రం భారం కాదు, ఏడాదికి 108 డాలర్లే.

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చేది ఆ చివరి వాక్యమే. 108ని 80తో భాగించండి, ఎకరాకు ఒక డాలర్ 35 సెంట్లు. 2022 నుంచి మిషిగన్‌లో ‘కమర్షియల్ ఫారెస్ట్’ (సీఎఫ్) జాబితాలో ఉన్న భూమికి వేసే పన్ను సరిగ్గా అంతే. ఆ వేటగాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ రాష్ట్ర సహజ వనరుల చట్టం 511వ భాగం ప్రకారం, ఈ రాయితీ తీసుకునే భూమిలోకి వేటకూ చేపలకూ కాలినడకన వచ్చే జనాన్ని యజమాని ఆపకూడదు. ఈ షరతు అమ్మినవాడితో పోలేదు, భూమితో పాటే మీకు వచ్చింది. ట్రెస్‌పాస్ కేసు నిలబడదు.

ఇక్కడ కాస్త కటువుగా చెప్పాలి. భూమి సీఎఫ్ జాబితాలో ఉందని చెప్పే లిస్టింగ్ సర్టిఫికెట్ కౌంటీ దస్తావేజుల కార్యాలయంలో (రిజిస్టర్ ఆఫ్ డీడ్స్) నమోదై ఉంటుంది. ఊళ్లో అర ఎకరం కొన్నా ముందు ఈసీ తీయించే మనవాళ్లు, అమెరికాలో 80 ఎకరాలు కొంటూ రికార్డు చూడకపోవడం ఏమిటి? అంత తక్కువ బిల్లు ఐదేళ్లుగా ఎందుకు వస్తోందో ఒక్కసారి కూడా టౌన్‌షిప్‌ను అడగలేదు. కోర్టులో అమ్మినవాడి వకీలు మొదట చూపేది ఆ బిల్లులనే.

మోసం దావాకు మిషిగన్‌లో కాలపరిమితి 6 ఏళ్లు. ‘నాకు ఇప్పుడే తెలిసింది’ అంటే సాధారణంగా చెల్లదు, మోసం జరిగిన రోజు నుంచే లెక్క. అంటే మీకు మిగిలింది ఆరు నెలలు. గడువున్నా కేసు బలహీనమే. పబ్లిక్ రికార్డులో ఉన్నదాన్ని చూడకుండా ఎదుటివాడి మాట, లేదా మౌనం, నమ్మానంటే కోర్టు ఒప్పుకోవడం కష్టం. అమ్మకందారు లోపాలు చెప్పాలనే చట్టం కూడా ఇళ్లకే గానీ ఖాళీ అడవికి వర్తించదు. డీడ్‌లోని హామీల మీద దావాకైతే 10 ఏళ్ల గడువుంది. అందుకే ముందు డీడ్ తీసి చూడండి. అది అమ్మినవాడు హక్కుకు హామీ ఇచ్చే వారంటీ డీడా, ఏ హామీ లేని క్విట్ క్లెయిమా? ‘రికార్డులో ఉన్న పరిమితులకు లోబడి’ అన్న వాక్యం ఉంటే ఆ దారీ చాలావరకు మూసుకుపోయినట్టే. తర్వాత టైటిల్ పాలసీలో, అంటే భూమి హక్కు మీద తీసుకున్న బీమాలో, మినహాయింపులు రాసే షెడ్యూల్ బి చూడండి. మినహాయింపుల్లో ఈ సర్టిఫికెట్ లేకపోతే, బీమా కంపెనీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, వెంటనే రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టండి.

మీ స్నేహితుడి మాట మీకు పనికిరాదు. విస్కాన్సిన్ చట్టంలో ఎకరాకు ఎక్కువ పన్ను కట్టి, పరిమితికి లోబడి భూమిని మూసుకునే వెసులుబాటు ఉంది. మిషిగన్ సీఎఫ్‌లో అది లేదు.

బోర్డులు, లీజు ఆలోచన మానండి. జనాన్ని ఆపినా, క్లబ్బుకు ప్రత్యేక హక్కులిచ్చినా సహజ వనరుల శాఖ భూమిని జాబితా నుంచి తీసేసి జరిమానా వేయగలదు. జాబితాలో ఉండగా క్యాబిన్ కట్టినా అంతే. ఇంకా ప్రమాదం వేటగాళ్లకు అడ్డుపడటం. చట్టబద్ధంగా వేటాడేవారిని ఆటంకపరిస్తే అక్కడ నేరం, మొదటిసారికే 93 రోజుల దాకా జైలు, లేదా 500 నుంచి 1,000 డాలర్ల జరిమానా, లేదా రెండూ. మీరు వీసా మీదుంటే గుర్తుంచుకోండి, గ్రీన్ కార్డ్ ఫారంలో అరెస్టయినా రాయాల్సిందే.

వాళ్ల హక్కూ హద్దులు లేనిది కాదు. నడిచి రావాలి, అంతే. మీ అనుమతి లేకుండా బండి నడిపినా, గుడారం వేసినా, తుపాకీ గురి కోసం చెట్లు నరికినా అది అతిక్రమణే. ఫొటో, తేదీ, బండి నంబర్‌తో కన్జర్వేషన్ ఆఫీసర్‌కు ఫిర్యాదు చేయండి. మీరు డబ్బు తీసుకోనంతవరకు వాళ్లకు దెబ్బ తగిలితే, మీ ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప, బాధ్యత మీది కాదు.

నిజంగా మూసుకోవాలంటే దారి ఒకటే, జాబితా నుంచి మీరే ఉపసంహరించుకోవడం. దరఖాస్తు రుసుము ఎకరాకు డాలర్, కనీసం 200. దానిపై జాబితాలో ఉన్న ఏళ్లను బట్టి, గరిష్ఠంగా 7 ఏళ్లకు లెక్కేసే జరిమానా. సంతకం పెట్టేముందు ఆ మొత్తమెంతో శాఖ నుంచి రాయించుకోండి. ఆ తర్వాత మామూలు పన్ను మొదలవుతుంది. భూమి మార్కెట్ విలువ 1,20,000 డాలర్లు అనుకుంటే పన్ను విలువ అందులో సగం, 60,000. టౌన్‌షిప్ రేటు 40 మిల్స్ (పన్ను విలువలో వెయ్యి డాలర్లకు 40 డాలర్లు) అయితే ఏటా 2,400 డాలర్లు. దీన్ని తగ్గించుకోవాలంటే వ్యవసాయ శాఖ నడిపే ‘క్వాలిఫైడ్ ఫారెస్ట్’ పథకం ఉంది. అందులో 18 మిల్స్ స్కూలు పన్ను పోయి, 2 మిల్స్ రుసుము పడుతుంది. పై లెక్కలో 960 ఆదా, కట్టేది 1,440. జనాన్ని రానివ్వాల్సిన పనిలేదు. కానీ అర్హత గల ఫారెస్టర్‌తో నిర్వహణ ప్రణాళిక రాయించి, అందులో చెప్పినట్టు చెట్ల నరికివేత సకాలంలో చేయాలి.

ఈ 108కీ 1,440కీ మధ్య తేడా మీ ఏకాంతానికి ధర. కట్టాలో వద్దో మీ ఇష్టం. ఈలోగా తుపాకీతో లేళ్లను వేటాడే సీజన్, అంటే నవంబర్ 15 నుంచి 30 వరకు, పిల్లల్ని అటు తీసుకెళ్లకండి, తప్పదంటే నారింజ జాకెట్లు వేయండి. డీడ్, పాలసీ, రియల్టర్ మెయిళ్లు, ఐదేళ్ల బిల్లులు ఒక ఫైల్లో పెట్టి, ఈ నెలలోనే అక్కడి ప్రాపర్టీ వకీలును కలవండి.